ఫ్లెక్సీ మీద లేని హారం

ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర ఉన్నత విద్యామండలి, తెలంగాణ ఉన్నత విద్యామండలి అధ్యక్షులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన అధ్యక్షులకు,

ఎంట్రెన్స్ ర్యాంకులన్నీ వచ్చేశాక, జూన్ నెలలో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ వేలాది ఇళ్లలో రాత్రి భోజనాల వేళ నడిచే చర్చ ఒకటే. మళ్లీ రాయించాలా, ఉన్న ర్యాంకుకు దొరికినదాంట్లో చేర్చాలా, లేక పరీక్షే మార్చి ఇంకో దారి పట్టించాలా? ఉత్తరాదిలో ఏడాది ఆగి మళ్లీ రాయడాన్ని డ్రాప్ అంటారు. మనం లాంగ్ టర్మ్ అంటాం. వాళ్ల మాటలో ఒక ఏడాది చేజారిందన్న చప్పుడు వినిపిస్తుంది. మన మాటలో మాత్రం అదీ ఒక కోర్సే, చేరితే పూర్తవుతుంది, పూర్తయితే ఫలం దక్కుతుంది అన్న భరోసా వినిపిస్తుంది. ఆ భరోసాకు ఆధారం చూపమని అడిగితే తల్లిదండ్రుల చేతికి అందే కాగితం ఒక్కటీ కనిపించదు. ఆ కాగితం తయారుచేయడానికి కావలసిన సమాచారంలో పెద్ద భాగం మీ దగ్గరే ఉంది. దాన్ని ఏటా బయటపెట్టమని అడగడానికే ఈ లేఖ.

లాంగ్ టర్మ్ గురించి మన కుటుంబాలకు తెలిసేదంతా బస్టాండు ఎదుటి ఫ్లెక్సీల నుంచీ, పేపరు మొదటి పేజీ ప్రకటనల నుంచీ వచ్చిందే. వరసగా నవ్వు ముఖాలు, ముఖం కింద ర్యాంకు, కొందరి మెడలో దండ. బడిలో భిన్నాలు చెప్పేటప్పుడు గీత పైన ఉండేది లవం, కింద ఉండేది హారం అని నేర్పిస్తారు. ఫ్లెక్సీ మీద పూలహారం ఉంటుంది, లెక్కకు కావలసిన హారం మాత్రం ఉండదు. ఎంతమంది చేరితే ఇంతమంది ఆ ఫ్లెక్సీ మీదికెక్కారో ఎవరూ చెప్పరు. కోచింగ్ ప్రకటనల గురించి కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2024 నవంబరులో మార్గదర్శకాలు ఇచ్చింది. ర్యాంకు తెచ్చుకున్న విద్యార్థి ఏ కోర్సు చదివాడు, ఎంతకాలం చదివాడు, డబ్బు కట్టి చదివాడా లేదా అన్నది దాచకూడదనీ, ఎంపికైన తర్వాత రాతపూర్వకంగా ఒప్పుకుంటేనే ఆ పేరూ ఫొటో వాడుకోవాలనీ అందులో ఉంది. మంచి నియమాలే. అయినా అవన్నీ గీతకు పైన ఉన్నదాన్ని సరిదిద్దేవే. కింది అంకె తెలిసే మార్గం వాటిలోనూ లేదు.

పొరుగు రాష్ట్రంలో ఈ చీకట్లో కొంత వెలుగు పడింది. నీట్ ప్రభావాన్ని పరిశీలించడానికి తమిళనాడు ప్రభుత్వం 2021లో జస్టిస్ ఏ.కె. రాజన్ అధ్యక్షతన ఒక కమిటీ వేసింది. అక్కడ ఎంబీబీఎస్‌లో చేరినవారిలో, పన్నెండో తరగతి అయిన ఏడాదే కాకుండా ఆ తర్వాత మళ్లీ రాసి వచ్చినవారి వాటా 2016-17లో పన్నెండు శాతం పైచిలుకు ఉండేది. నీట్ వచ్చాక 2020-21 నాటికి అది 71 శాతానికి చేరిందని కమిటీ తేల్చింది. ఈ అంకె చేతిలో పడితే కోచింగ్ యజమాని ఏమంటాడో ఊహించడం కష్టం కాదు. పది సీట్లలో ఏడు మళ్లీ రాసినవాళ్లవే, మీ అమ్మాయిని ఇంకో ఏడాది చదివిస్తే సీటు వచ్చినట్టే అంటాడు. వినడానికి న్యాయంగానే ఉంటుంది. అందులో ఒక మెలిక ఉంది. సీటు వచ్చినవారిలో మళ్లీ రాసినవారెందరు అన్నది ఒక ప్రశ్న. మళ్లీ రాసినవారిలో సీటు వచ్చినవారెందరు అన్నది ఇంకో ప్రశ్న. మొదటిదానికి జవాబు చెప్పి రెండోదానికి జవాబు చెప్పినట్టు నమ్మించడం మీదే ఈ వ్యాపారం నడుస్తోంది.

లెక్క కోసం ఒక ఊరు అనుకుందాం. అక్కడ వంద సీట్లు ఉన్నాయి, అందులో డెబ్భై మళ్లీ రాసినవారికి వచ్చాయి. మళ్లీ రాసినవారు మొత్తం రెండు వందల మందైతే ముగ్గురిలో ఒకరికి సీటు దక్కినట్టు. ఆ మాత్రం అవకాశం ఉంటే ఏడాది పణంగా పెట్టడం తెలివైన పనే. మళ్లీ రాసినవారు వెయ్యి మందైతే వందలో ఏడుగురికే దక్కినట్టు. అప్పుడు అదే నిర్ణయం జూదానికి దగ్గరవుతుంది. రెండు సందర్భాల్లోనూ పదిలో ఏడు అన్న మాట నిజమే. ఫ్లెక్సీ మీద ముఖాలూ అవే. మారేదల్లా ఎవరూ అచ్చువేయని ఆ కింది అంకె. మన రెండు రాష్ట్రాలూ ఏ లెక్కకు దగ్గరగా ఉన్నాయో తెలియకుండానే ఏటా పదిహేడేళ్ల, పద్దెనిమిదేళ్ల పిల్లలు ఆ నిర్ణయం తీసుకుంటున్నారు.

మళ్లీ రాయడం వృథా అనడం నా ఉద్దేశం కాదు. మొదటిసారి రాసే ఇంటర్ విద్యార్థికి మార్చిలో పబ్లిక్ పరీక్షలుంటాయి, అంతకుముందు ప్రాక్టికల్స్ ఉంటాయి, తెలుగో సంస్కృతమో, ఇంగ్లిషో చదవాల్సి ఉంటుంది. అవన్నీ ముగిశాక మే మొదట్లో నీట్‌కు కూర్చోవాలి. లాంగ్ టర్మ్ విద్యార్థికి ఆ బరువేదీ లేదు. పది నెలలూ మూడు సబ్జెక్టుల మీదే పెట్టొచ్చు. కాబట్టి మార్కులు పెరగడానికి కారణం ఉంది. టర్కీలో విశ్వవిద్యాలయ ప్రవేశ పరీక్ష మళ్లీ మళ్లీ రాసినవారి వివరాల మీద కలా కృష్ణ, మరికొందరు ఆర్థికవేత్తలు పరిశోధన చేశారు. ఒక ప్రయత్నానికీ మరో ప్రయత్నానికీ మధ్య పిల్లలు నిజంగానే నేర్చుకుంటున్నారనీ, వెనకబడిన నేపథ్యం నుంచి వచ్చినవారికి ఆ మేలు ఎక్కువగా ఉందనీ వాళ్లు తేల్చారు. పేదింటి పిల్లలకు రెండో అవకాశం విలువైనదే అనడానికి ఇది బలమైన సాక్ష్యం. ఇంకో సంగతి కూడా గమనించండి. అక్కడ పరీక్ష వివరాలు పరిశోధకుల చేతికి అందాయి గనకే ఆ మాట చెప్పగలిగారు. మన పిల్లల గురించి అలాంటి మాట, అవుననిగానీ కాదనిగానీ, చెప్పాలంటే ముందు వివరాలు బయటికి రావాలి.

సమాచారం లేకపోతే ఇంట్లో లెక్క ఎంత తలకిందులవుతుందో నీట్ మార్కులే చెబుతాయి. 2024లో 720కి 650 దాటినవారు దేశం మొత్తం మీద దాదాపు 30 వేల మంది. 2025లో పేపరు కఠినంగా వచ్చింది. ఆ ఏడాది 650 దాటినవారు 73 మంది. 550 దాటిన అందరినీ కలిపినా 12 వేలకు లోపే. ఇప్పుడు 2024లో 600 మార్కులు తెచ్చుకుని, సీటు రాక లాంగ్ టర్మ్ చేసి, 2025లో 555 తెచ్చుకున్న విద్యార్థిని ఊహించండి. ఇంట్లో చూస్తే ఏడాది చదివాక 45 మార్కులు పోయాయి. చుట్టాల ముందు తలెత్తుకోలేని పరిస్థితి. ర్యాంకు చూస్తేనో, మొదటి ఏడాది ఆ విద్యార్థి ముందు కనీసం 30 వేల మంది ఉన్నారు, రెండో ఏడాది 12 వేలలో ఒకడయ్యాడు. తిట్లు తినాల్సిన మార్కుల జాబితా నిజానికి పండగ చేసుకోవాల్సినది. తిరగేసి చూస్తే దీనికంటే ప్రమాదకరమైన పొరపాటు కూడా ఇక్కడే పుడుతుంది. కిందటేడు ఇన్ని మార్కులకు సీటు వచ్చింది, మనకు ఇంకో నలభై వస్తే చాలు అని లెక్కగట్టి చేరినవారి కాళ్ల కింద నేల మరుసటి ఏడాది పేపరుతోనే కదిలిపోతుంది. నిరుటి మార్కుల కటాఫ్‌ను ఈ ఏటి గమ్యంగా పెట్టుకోవడం తప్పని చెప్పే నాథుడు ఉండడు.

క్వాలిఫై అన్న మాట ఇంకో మాయ. 2025లో నీట్ రాసినవారు 22.09 లక్షల మంది, క్వాలిఫై అయినవారు 12.36 లక్షలు. దేశంలో ఉన్న ఎంబీబీఎస్ సీట్లు సుమారు 1.2 లక్షలు. అంటే క్వాలిఫై అయిన పది మందికి ఒక్క సీటు. అయినా ఆ మాట రిజల్టు కాగితం మీద ఉండేసరికి, గుమ్మం దాకా వచ్చాం, ఇంకొక్క అడుగే అనిపిస్తుంది. ఆ అడుగు వెనక డబ్బు లెక్క కూడా ఉంది, దాన్ని తీసిపారేయలేం. తెలంగాణలో ప్రైవేటు మెడికల్ కాలేజీలో కన్వీనర్ కోటా సీటుకు ఏడాదికి 60 వేల రూపాయలు. అదే కాలేజీలో బీ కేటగిరీ సీటుకు ఏడాది ఫీజు పది లక్షలు దాటుతుంది. కోర్సంతా కలిపితే అరకోటి తేడా. కొన్ని వేల ర్యాంకుల దూరానికి అంత విలువ ఉన్నప్పుడు ఒక ఏడాది, కోచింగ్ ఫీజు పెట్టి ఆ దూరం దాటాలనుకోవడం దురాశేమీ కాదు. మధ్యతరగతి తండ్రి వేసే లెక్కలో తప్పులేదు. ఆ దూరం దాటగలిగేది నూటికి ఎందరో తెలియకుండా లెక్క పూర్తి చేయాల్సి రావడమే అన్యాయం.

ఏ పరీక్ష అన్నదాన్ని బట్టి మళ్లీ రాసే తలుపు ఎన్నిసార్లు తెరుచుకుంటుందో కూడా మారుతుంది. జేఈఈ మెయిన్‌ను ఇంటర్ పాసైన ఏడాదితో కలిపి వరసగా మూడేళ్లు రాయొచ్చు. అడ్వాన్స్‌డ్‌కు వరసగా రెండేళ్లే. ఐఐటీలో సీటు ఒప్పుకున్నవారికి రెండోసారి కూడా ఉండదు. నీట్‌కు అలాంటి హద్దే లేదు, గరిష్ఠ వయసు పరిమితి కూడా 2022లో పోయింది. హద్దు ఉన్నచోట నియమమే ఆపుతుంది. హద్దు లేనిచోట ఆగడం ఎప్పుడో విద్యార్థే నిర్ణయించుకోవాలి. ఇప్పటికే రెండేళ్లు పెట్టాం, ఇప్పుడు మానేస్తే అవీ పోయినట్టే అన్న ఆలోచన మూడో ఏడాదికీ నాలుగో ఏడాదికీ ఈడ్చుకుపోతుంది. నియమాల మీద ఈ నిర్ణయాలు ఎంతగా వేలాడతాయో 2024 నవంబరులో చూశాం. ఆ నెల 5న అడ్వాన్స్‌డ్ ప్రయత్నాలను మూడుకు పెంచుతున్నట్టు ప్రకటించారు. 18న వెనక్కి తీసుకున్నారు. ఆ పదమూడు రోజుల్లో ప్రకటనను నమ్మి చేరిన కోర్సు వదిలేసిన పిల్లలకు అవకాశం ఇవ్వాల్సిందేనని 2025 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. అధికారికంగా వచ్చే ఒక్క కాగితాన్ని నమ్మి పిల్లలు సీటే వదులుకుంటారని అర్థమైంది కదా. అలాంటప్పుడు అధికారికంగా ఏ కాగితమూ రానిచోట ఎవరి మాట నమ్ముతారో వేరే చెప్పాలా?

పరీక్ష మార్చుకోవడం సంగతికొస్తే, దాన్ని మన ఇళ్లలో ఓటమి కిందే జమకడతారు. జేఈఈ రాలేదు గనక ఎంసెట్, నీట్ రాలేదు గనక అగ్రికల్చర్. పేరు ఈఏపీసెట్‌గా మారినా ఆ చూపు మారలేదు. నిజానికి ఈ పరీక్షలు ఒకే మెట్ల మీద పైదీ కిందిదీ కావు, వేర్వేరు నైపుణ్యాలను కొలుస్తాయి. ఈఏపీసెట్‌లో 180 నిమిషాల్లో 160 ప్రశ్నలు, నెగెటివ్ మార్కులు లేవు. ఒక్కో ప్రశ్నకు 67 సెకన్లు. 2025 జేఈఈ మెయిన్‌లో అదే మూడు గంటల్లో 75 ప్రశ్నలు, ఒక్కోదానికి 144 సెకన్లు, తప్పుకు ఒక మార్కు కోత. నీట్‌లో 180 నిమిషాలకు 180 ప్రశ్నలు, అందులో సగం బయాలజీ. నిదానంగా ఆలోచించి లోతుకు దిగే పిల్లవాడికి మొదటిది ఊపిరాడనివ్వదు. చకచకా లెక్క తేల్చేసే అమ్మాయికి అడ్వాన్స్‌డ్ కొరుకుడు పడకపోవచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో ఈఏపీసెట్ ర్యాంకుకు ఇంటర్ మార్కుల వెయిటేజీ 25 శాతం కలుస్తుంది, తెలంగాణలో దాన్ని తీసేశారు. అంటే మంచి ఇంటర్ మార్కులున్న విద్యార్థికి ఒకే పరీక్ష సరిహద్దుకు అటూ ఇటూ ఒకే బరువు తూగదు.

అలాగని పరీక్ష మార్చడం కూడా ఉచితం కాదు. పదో తరగతి కాగానే ఎంపీసీ, బైపీసీ అని విడదీసే మన పద్ధతి సగం తలుపుల్ని అప్పుడే మూసేస్తుంది. తిరుపతి ఐసర్‌తో సహా ఐసర్‌లలో చేరడానికి రాసే ప్రవేశ పరీక్షలో 60 ప్రశ్నలుంటాయి. భౌతిక, రసాయన, జీవశాస్త్రాలకూ గణితానికీ తలా 15. నీట్‌కు తయారైన బైపీసీ విద్యార్థికి ఆ గణితం పదిహేనూ గోడలా నిలబడతాయి, జేఈఈకి తయారైన విద్యార్థికి జీవశాస్త్రం అలాగే. దగ్గరి తలుపులు వేరే ఉన్నాయి. ఈఏపీసెట్ బైపీసీ కౌన్సెలింగ్‌లో బీఫార్మసీ, ఫార్మ్‌డీతో పాటు బయోటెక్నాలజీ ఇంజినీరింగ్ కూడా ఉంది. వ్యవసాయ విశ్వవిద్యాలయాల డిగ్రీలున్నాయి. 2022లో మొదలైన సీయూఈటీ ద్వారా హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ఐదేళ్ల సమీకృత కోర్సులున్నాయి. లాంగ్ టర్మ్ ఫీజు కట్టేముందు ఈ తలుపుల వరస ఒక్కసారైనా చూసే ఇళ్లు తక్కువ, ఎందుకంటే దాన్ని చూపించడం వల్ల లాభపడేవాళ్లెవరూ ఆ ఇళ్ల గుమ్మం తొక్కరు.

ఏ లెక్కా అందని ఈ రోజుల్లో కూడా ఒక కుటుంబం వేసుకోవాల్సిన ప్రశ్నలు మూడున్నాయి. మొదటిది, ఈ ర్యాంకు ప్రమాదమా, స్థాయా? ఆఖరి రెండు నెలల్లో రాసిన గ్రాండ్ టెస్టుల పట్టీ ముందు పెట్టుకుంటే జవాబు దొరుకుతుంది. వాటిలో స్థిరంగా మంచి స్థానంలో ఉండి పరీక్షనాడు జారిపోతే అది జ్వరమో కంగారో కావచ్చు, మళ్లీ రాస్తే సర్దుకునే అవకాశం గట్టిగా ఉంది. గ్రాండ్ టెస్టుల్లోనూ అంతే వస్తే, పరీక్ష ఉన్నది ఉన్నట్టే చెప్పింది. రెండోది, బాగుచేయాల్సిన లోపం పేరుపెట్టి చెప్పగలమా? ఫిజిక్స్‌లో సగం ప్రశ్నలు వదిలేశాడు అన్నది పేరున్న లోపం. ఇంకా బాగా కష్టపడాలి అన్నది పేరులేనిది, దానికి ఏడాది ఇచ్చినా ఎటు పోతుందో తెలియదు. మూడోది, ఈసారీ రాకపోతే ఏమిటి? దీనికి జవాబు చేరకముందే కాగితం మీద రాసుకోవాలి. ఫలానా ర్యాంకు దాటి లోపలికి రాకపోతే ఇక రాయం, ఫలానా కోర్సులో చేరతాం అని. ఓడిపోయాక గీసుకునే గీత ఎప్పుడూ కాస్త ముందుకు జరుగుతూనే ఉంటుంది.

ఈ ప్రశ్నలకు తాపీగా జవాబు వెతుక్కునే వ్యవధి కూడా పిల్లలకు దక్కడం లేదు. 2025లో నీట్ మే 4న జరిగింది. ఫలితాలు జూన్ 14న వచ్చాయి. అఖిల భారత కోటా తొలి విడత కౌన్సెలింగ్ జూలై 21న మొదలైంది. ఏ ర్యాంకుకు ఏ సీటు వస్తుందో తేలేది ఆ తర్వాతే. లాంగ్ టర్మ్ బ్యాచ్‌లు మాత్రం జూన్‌లోనే మొదలైపోతాయి. అంటే సీటు వస్తుందో రాదో తెలియకముందే ఫీజు కట్టి, హాస్టల్లో పెట్టె దించేస్తారు. తర్వాతి విడతల్లో సీటు వచ్చినా, మనసు మారినా, కట్టిన డబ్బు తిరిగిరాదన్న భయం కాళ్లకు బంధమేస్తుంది. మధ్యలో మానేస్తే మిగిలిన కాలానికి ఫీజు లెక్కగట్టి వాపసివ్వాలని 2024 జనవరిలో కేంద్ర విద్యాశాఖ ఇచ్చిన కోచింగ్ మార్గదర్శకాల్లో ఉంది. అమలు చేయాల్సింది రాష్ట్రాలే.

అందుకే మీ ముందు పెడుతున్న కోరికలు మూడు. మొదటిదీ ముఖ్యమైనదీ, ఈఏపీసెట్ ఫలితాలతో పాటు ఏటా ఒక పట్టిక. ఈ ఏడాది ఇంటర్ పాసైనవారు, నిరుడు పాసైనవారు, అంతకుముందు పాసైనవారు ఎందరు రాశారు, ఐదు వేలలోపు, పది వేలలోపు, పాతిక వేలలోపు ర్యాంకు ఎందరికి వచ్చింది. రెండేళ్లు వరసగా రాసినవారిలో మొదటి ర్యాంకు ఏ శ్రేణిలో ఉన్నవారు రెండో ఏడాది ఎక్కడ తేలారు, ఎందరు పైకొచ్చారు, ఎందరు ఉన్నచోటే ఉన్నారు, ఎందరు జారారు. దరఖాస్తులో ఇంటర్ హాల్‌టికెట్ నంబరు మీరు తీసుకుంటూనే ఉన్నారు కాబట్టి ఇది కొత్తగా సేకరించాల్సిన సమాచారం కాదు. రెండోది, విజయవాడలోని డాక్టర్ ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం, వరంగల్‌లోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయం ఏటా మెడికల్ కౌన్సెలింగ్ నడుపుతాయి. స్థానికత కోసం ప్రతి విద్యార్థి స్టడీ సర్టిఫికెట్లూ పరిశీలిస్తాయి. దరఖాస్తు చేసినవారిలో, కన్వీనర్ కోటా సీట్లు పొందినవారిలో ఎవరు ఏ ఏడాది ఇంటర్ పాసయ్యారో చెప్పే పట్టికను వాటితో కలిసి తీసుకురండి. మూడోది, సర్టిఫికెట్ల పరిశీలన జరిగే హెల్ప్‌లైన్ కేంద్రాల్లో ఒక బల్ల ఎక్కువ వేయండి. ర్యాంకు కార్డు, ఇంటర్ మెమో, టీసీ, ఆదాయ ధ్రువపత్రం పట్టుకుని వరసలో నిలబడ్డ తండ్రీ కూతుళ్లు అక్కడే ఆ పట్టిక చూసి, దగ్గరి తలుపులేవో అడిగి తెలుసుకునే ఏర్పాటు చేయండి.

ఇది మా పని కాదు, నీట్, జేఈఈ జాతీయ పరీక్షా సంస్థవి అని మీ కార్యాలయం అనొచ్చు. దేశం మొత్తం లెక్క ఆ సంస్థే ఇవ్వాలి, నిజమే. కానీ మన పిల్లల్లో మెడికల్ కౌన్సెలింగ్‌కు వచ్చినవారి వివరాలు రాష్ట్ర మెరిట్ జాబితాలోనే ఉంటాయి. ఈఏపీసెట్ పూర్తిగా మీదే. పైగా ఏ కాలేజీలో ఏ బ్రాంచీ ఏ ర్యాంకు దగ్గర ఆగిందో చెప్పే చివరి ర్యాంకుల పట్టిక కౌన్సెలింగ్ వెబ్‌సైట్లో ఇప్పటికే పెడుతున్నారు. ఒకప్పుడు కన్సల్టెన్సీలు డబ్బు తీసుకుని చెప్పే ఆ రహస్యాన్ని ఒక్క పట్టిక పైసా ఖర్చులేకుండా ఇంటింటికీ చేర్చింది. ఇప్పుడు అడుగుతున్నదీ అదే పద్ధతిలో ఇంకొక్క పట్టిక. పేర్లు అక్కర్లేదు, అంకెలు చాలు కాబట్టి ఎవరి గోప్యతకూ భంగం లేదు.

అంకెలు చూస్తే పిల్లలు డీలాపడతారన్నది ఇంకో అభ్యంతరం. ఇది కొట్టిపారేయదగ్గది కాదు. విశాఖపట్నంలో నీట్ శిక్షణ తీసుకుంటున్న ఒక విద్యార్థిని మరణం కేసులోనే 2025 జూలైలో సుప్రీంకోర్టు దేశవ్యాప్త మార్గదర్శకాలు ఇచ్చింది. వంద మంది, అంతకుమించి విద్యార్థులున్న ప్రతి సంస్థలోనూ శిక్షణ పొందిన కౌన్సెలర్ ఉండాలంది. మార్కుల్ని బట్టి బ్యాచ్‌లుగా విడదీయవద్దంది. పిల్లల మనసు ఎంత నాజూకు స్థితిలో ఉందో ఆ తీర్పు గుర్తుచేస్తుంది. కానీ వాళ్లను కుంగదీస్తున్నది నిజం తెలియడమేనా? అందరికీ వస్తోంది, నాకొక్కడికే రాలేదు అన్న భావన ఫ్లెక్సీలో నుంచి పుట్టింది. తనలాంటి ర్యాంకుతో మొదలైనవారిలో ఎక్కువమంది ఉన్నచోటే ఉన్నారని పట్టిక చెబితే, తప్పు తన ఒక్కడిదే కాదని మొదటిసారి తెలుస్తుంది. అలాగే గణనీయంగా పైకొచ్చినవారు నిజంగానే ఉంటే, ఏడాది ఆగాలనుకునే పేద విద్యార్థికి అంతకంటే ధైర్యం ఎవరివ్వగలరు? సగటు అంకె మా అబ్బాయి గురించి ఏం చెబుతుంది అనే తండ్రికీ జవాబుంది. సగటు ఎవరి జాతకమూ చెప్పదు. పందెం ఎంతదో చెబుతుంది, కాయాలా వద్దా అన్నది ఆయన చేతిలోనే ఉంటుంది.

ఇంత తంటా ఎందుకు, నీట్ ప్రయత్నాలకే పరిమితి పెట్టేస్తే పోతుందిగా అనేవారూ ఉన్నారు. వాళ్ల వాదనలో ఒక నిజముంది. సీట్లు పెరగకుండా అందరూ ఏడాది ఎక్కువ చదివితే కటాఫ్ పైకి పోతుందేగానీ అదనంగా ఒక్క డాక్టరూ తయారవడు. సమాజం మొత్తానికి అది నష్టమే. కానీ పరిమితి అన్న కత్తి అందరినీ ఒకేలా కోస్తుంది. ఎనిమిదో తరగతి నుంచే ఫౌండేషన్ కోర్సుల్లో చదివిన పిల్లవాడికి మొదటి ప్రయత్నమే ఐదో ఏడాది శిక్షణతో సమానం. మండల కేంద్రంలోని ప్రభుత్వ జూనియర్ కాలేజీలో చదివిన అమ్మాయి నీట్ పేపరు ఎలా ఉంటుందో తెలుసుకునేదే మొదటి ప్రయత్నంలో. ఆమె చేతిలోని రెండో అవకాశాన్ని లాక్కునేముందు, దాన్ని ఎలా వాడుకోవాలో ఆమెకు చెప్పే ప్రయత్నమైనా చేయాలి కదా. నిషేధం కంటే పట్టిక చవక, పొరపాటైతే దిద్దుకోవడమూ తేలిక.

మళ్లీ రాయాలా, దారి మార్చాలా అన్నది చివరికి ఆ పిల్లలదీ వాళ్ల ఇళ్లదీ నిర్ణయం. అందులో మీరూ నేనూ జోక్యం చేసుకోనక్కర్లేదు. గీతకు పైనున్న అంకెను కోచింగ్ సంస్థలు సొంత ఖర్చుతో ఊరూరా కట్టి చూపిస్తున్నాయి. కింద ఉండాల్సిన హారం మీ కంప్యూటర్లలో ఉంది. వచ్చే ఏడాది ఈఏపీసెట్ ఫలితాలు విడుదల చేసేరోజు, టాపర్ల పేర్లు చదివాక, ఆ పట్టిక ఉన్న రెండో పేజీ కూడా చదవండి.


రెండు రాష్ట్రాల ఇంటర్ విద్యార్థుల తరఫున